ఊరి పడవకు మోటార్ బిగింపు: ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



ఇంజన్, షాఫ్ట్, గేర్లు, ప్రొపెల్లర్ అన్నీ ఒకే యూనిట్‌గా పడవ వెనుక బయటికి వేలాడే యంత్రం అవుట్‌బోర్డ్ మోటార్. దీనికోసం పడవ అడుగుకు రంధ్రం పెట్టనక్కర్లేదు. వేరే చుక్కానితో పని లేదు. మోటార్‌ను తిప్పితే పడవే తిరుగుతుంది. ఒడ్డు దగ్గర పడ్డాక పైకెత్తవచ్చు, వేట ముగిశాక విప్పి ఇంటికి మోసుకుపోవచ్చు. 1909 ప్రాంతంలో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన మోటార్ ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, దాని బరువు సుమారు 28 కిలోలు. ఆ తర్వాత యంత్రం ఎంతో మారింది. చిన్న మోటార్‌ను పడవకు తగిలించే పద్ధతి మాత్రం దాదాపు అలాగే ఉంది: ఒక పలక, దాన్ని పట్టుకునే రెండు బిగింపు మరలు.

ఈ లేఖ ఆ పలక గురించి. మోటార్ ఫ్యాక్టరీలో తయారై మాన్యువల్‌తో, వారంటీతో వస్తుంది. పడవ ఊళ్లో వడ్రంగి చేతనో ఫైబర్ మేస్త్రీ చేతనో, చాలాసార్లు డ్రాయింగ్ లేకుండానే, తయారవుతుంది. మోటార్ అమ్మిన దుకాణం పడవను చూడదు. పడవ కట్టిన మేస్త్రీకి రేపు దాని వెనుక ఏ మోటార్ వేలాడుతుందో తెలియదు. రెండూ కలిసే చోటుకు పూచీ పడేవారు లేరు. మోటార్ ఊడి నీళ్ల పాలవడం, పలక చీలడం, వెనుక నుంచి కెరటం ఎక్కి పడవ నిండిపోవడం లాంటివి ఎక్కువగా ఈ కలిసే చోటే మొదలవుతాయి. మంచి మోటార్, గట్టి పడవ రెండూ ఉన్నా వాటి మధ్య బిగింపు సరిగా లేకపోతే ఆ రెండింటి మంచితనమూ వృథా.

పడవ వెనుక భాగాన్ని తీరంలో అమరం అంటారు, ముందు భాగాన్ని అణియం అంటారు. మోటార్ బిగింపు అమరం ఆకారాన్ని బట్టి ఉంటుంది. వెనుక వైపు బల్లపరుపుగా కోసినట్టుండే ఫైబర్ పడవలకు అడ్డంగా నిలిచే అమరం పలక ఉంటుంది. మోటార్ నేరుగా దానికే ఎక్కుతుంది. రెండు కొసలూ మొనదేలిన నావకు అలాంటి పలక లేదు. దానికి దారులు రెండు. ఒకటి, పడవ పక్కన బ్రాకెట్ కట్టి మోటార్‌ను తగిలించడం. ఇది చవక, కాని తోపు మధ్యగీతకు పక్కగా పడుతుంది కాబట్టి పడవ ఎప్పుడూ ఒక వైపుకి లాగుతూ ఉంటుంది. పడవ అటు ఒరిగినప్పుడు మోటార్ మునుగుతుంది, ఇటు ఒరిగినప్పుడు ప్రొపెల్లర్ గాలిలోకి లేస్తుంది. అందుకే బ్రాకెట్‌ను మోసే దూలం పడవ రెండు అంచులనూ కలుపుతూ అడ్డంగా పోవాలి, మోటార్ వీలైనంత లోపలికి ఉండాలి. రెండో దారి, అమరానికి కాస్త ముందు పడవ అడుగున నూతిలాంటి గూడు కట్టి మోటార్‌ను అందులో దించడం. ఇందులో ప్రొపెల్లర్ కెరటాల్లోనూ నీటిలోనే ఉంటుంది. గూడు గోడలు మాత్రం నిండు బరువుతో ఉన్నప్పటి నీటిమట్టానికి బాగా పైదాకా లేవాలి, అతుకుల్లో చుక్క నీరు దిగకూడదు.

బిగింపు కంటే ముందు తేలవలసింది ఎన్ని హార్స్‌పవర్లు అన్నది. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు దాని పొడవే వేగం హద్దు పెడుతుంది. నీటిని తాకే పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.43తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. ఆరుంబావు మీటర్ల పొడవుకు వర్గమూలం 2.5, హద్దు సుమారు 6 నాట్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. వలతో, మంచుతో, నలుగురు మనుషులతో బరువెక్కిన పడవకు 10 హార్స్‌పవర్ బదులు 20 పెట్టినా వేగం రెట్టింపు కాదు. పడవ తన అలను తానే ఎక్కలేక అమరం మీద కూర్చుంటుంది, అణియం ఆకాశం చూస్తుంది, అదనపు ఇంధనం అలలు లేపడానికే ఖర్చవుతుంది. ఇలాంటి పడవకు నిండు బరువులో టన్నుకు నాలుగైదు హార్స్‌పవర్లు మామూలుగా చాలు. ఎదురుగాలికి, మొగ (నదీముఖం) దాటేటప్పుడు పాటు నీటి ఉరవడికి కొంత మిగులు ఉంచుకోవాలి.

నీటిపై తేలిపోయే తేలికపాటి పడవల సంగతి వేరు. వాటిలో ఎక్కువ హార్స్‌పవర్ నిజంగానే ఎక్కువ వేగమిస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. అమెరికా తీర రక్షక దళం 20 అడుగుల లోపు పడవలకు ఒక సులువైన లెక్క పెట్టింది. పడవ పొడవునూ అమరం పలక వెడల్పునూ అడుగుల్లో గుణించాలి. ఫలితం 35 వరకు ఉంటే 3 హార్స్‌పవర్, 36 నుంచి 39 అయితే 5, 40 నుంచి 42 అయితే ఏడున్నర, 43 నుంచి 45 అయితే 10, 46 నుంచి 52 అయితే 15. అడుగు బల్లపరుపుగా ఉండి పక్కలు కోణంగా మడిచిన పడవ అయితే ఒక మెట్టు తగ్గించాలి. 14 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు పలక ఉన్న పడవకు 42. అంటే ఏడున్నర, బల్లపరుపు అడుగైతే 5. అదే పడవకు పలక మూడున్నర అడుగులైతే 49. అంటే 15, బల్లపరుపు అడుగైతే 10. అరడుగు వెడల్పు తేడాతో హద్దు రెట్టింపైంది. వెనుక వెడల్పే మోటార్ బరువును నీటిపై మోసే ఆధారం కనుక ఈ లెక్కలో అంత తేడా వస్తుంది.

తర్వాతది ఎత్తు. మోటార్లు షాఫ్ట్ పొడవును బట్టి మూడు కొలతల్లో దొరుకుతాయి: షార్ట్ షాఫ్ట్‌కు 15 అంగుళాలు అంటే సుమారు 38 సెంటీమీటర్లు, లాంగ్ షాఫ్ట్‌కు 20 అంగుళాలు అంటే సుమారు 51, ఎక్స్‌ట్రా లాంగ్‌కు 25 అంగుళాలు అంటే సుమారు 63 సెంటీమీటర్ల ఎత్తున్న పలక కావాలి. పలక పై అంచు నడిమధ్య నుంచి కిందికి, పడవ అడుగు దాకా కొలవాలి. ప్రొపెల్లర్‌కు కొంచెం పైన అడ్డంగా ఒక ప్లేట్ ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని కావిటేషన్ ప్లేట్ అంటారు. పైనుంచి గాలి ప్రొపెల్లర్‌లోకి దిగకుండా ఆపడం దాని పని. మోటార్ తగిలించాక ఆ ప్లేట్ పడవ అడుగుతో సమంగానో, అంగుళం లోపు కిందనో ఉండాలి. అంతకంటే పైన ఉంటే మలుపుల్లోనూ కెరటాల మీదా ప్రొపెల్లర్ గాలిని పీల్చుకుంటుంది. మోటార్ ఒక్కసారిగా అరుస్తుంది గాని పడవ కదలదు. మరీ కింద ఉంటే మోటార్ కాలు నీటిలో అనవసరంగా ఈడ్చుకుంటూ పోతుంది, నీళ్లు పైకి ఎగజిమ్ముతాయి, ఇంజన్ ఉప్పునీటికి దగ్గరవుతుంది.

పడవ అడుగున నడిమధ్య పొడవునా పోయే దూలం (కీల్) చివరిదాకా మందంగా సాగితే దాని వెనుక నీరు కలతపడి అదే గాలి సమస్య వస్తుంది. చివరి అడుగు మేర కీల్‌ను పలచగా చెక్కి వదిలితే ప్రొపెల్లర్‌కు నిండు నీరు అందుతుంది.

సముద్రంలోకి పోయే పడవకు 38 సెంటీమీటర్ల పలక చాలదు. బరువెక్కాక నీటిపైన మిగిలే భాగం జానెడు కూడా ఉండదు. ఉప్పాడ, పూడిమడక లాంటి చోట్ల తీరపు కెరటాల్లోంచి తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుంచి వచ్చే ఒక్క కెరటం చాలు లోపలికి దూకడానికి. అందుకే సముద్రపు పడవకు 51 సెంటీమీటర్ల పలక, లాంగ్ షాఫ్ట్ మోటార్ సరైన జత. పలక తక్కువగా కట్టేసి, చేతికొచ్చిన లాంగ్ షాఫ్ట్ మోటార్ కోసం దాని నెత్తిన చెక్క ముక్క పెట్టి మేకులు కొట్టడం ఒడ్డున కనిపించే దిద్దుబాటు. బరువూ తోపూ అంతా ఆ ముక్క మీదే పడతాయి. ఎత్తు పెంచవలసి వస్తే కొత్త ముక్క పలక వెనకాలా ముందూ కిందిదాకా దిగే బద్దలతో కలిసి బోల్టులతో నిలవాలి.

పలక నిటారుగా ఉండకూడదు. మోటార్ బ్రాకెట్లు కొంచెం వెనక్కి వాలిన పలకకు తగ్గట్టు చేస్తారు. ఆ వాలు సాధారణంగా 12 నుంచి 14 డిగ్రీలు. వాలు అలా ఉంటే బ్రాకెట్‌లోని పిన్ను రంధ్రాలు మార్చి, పడవ నడిచే స్థితిలో మోటార్ కాలును నిలువుగా తేగలరు. నిటారు పలకైతే వాలుగా చెక్కిన చెక్క ముక్క ఒకటి మధ్యలో వేసుకోవాలి.

ఇక బలం. ప్రొపెల్లర్ పడవను ముందుకు తోస్తుంది కాబట్టి పలక మీద పడేదీ ముందుకు తోపే అనిపిస్తుంది. లెక్క వేస్తే అది సగమే నిజం. ప్రొపెల్లర్ పలక పై అంచుకు 55 సెంటీమీటర్ల కింద ఉండి 80 కిలోల బలంతో తోస్తోందనుకుంటే, బ్రాకెట్ కింది పాదం పై అంచుకు 27 సెంటీమీటర్ల కింద, బిగింపు మరలు 7 సెంటీమీటర్ల కింద ఉంటే, కింది పాదం పలకను సుమారు 190 కిలోల బలంతో ముందుకు నెడుతుంది. పైన మరలు అదే పలకను 110 కిలోల బలంతో వెనక్కి లాగుతాయి. సుత్తి వెనుక పంజాతో మేకు పీకేటప్పుడు పనిచేసే మీట సూత్రమే ఇది. దీనికి కెరటం మీద నుంచి పడవ పడ్డప్పుడు తగిలే దెబ్బలు, ఇసుకలో కాలు తగిలినప్పటి కుదుపులు తోడు. కింద ముందుకు, పైన వెనక్కి నిత్యం మెలితిరిగే పలక ఒంటరిగా నిలవలేదు.

అందుకే పలకకు మోకాళ్లు కావాలి. పలక లోపలి వైపు నుంచి కీల్‌కీ, అడుగున పొడవునా పోయే బద్దెలకీ కలిసే మూలమట్టం ముక్కలు ఇవి. కనీసం రెండు, మోటార్‌కు చెరో వైపు ఒకటి. వాటి పై కొస బిగింపు మరల ఎత్తుకు దగ్గరగా చేరాలి; కింది కొస కనీసం అంతే పొడవు ముందుకు సాగాలి. పై మూలల్లో పలకను పడవ అంచులతో కలిపే మూల ముక్కలు వేరే కావాలి. ఈ నాలుగూ ఉంటే పలక మీద పడే బలం పడవ ఒళ్లంతా పరుచుకుంటుంది. లేకపోతే పలకకూ పడవ అడుగుకూ మధ్య అతుకే మొత్తం మోస్తుంది. ముందుగా అక్కడే వెంట్రుక మందం గీత పడుతుంది.

చిన్న మోటార్లకు పలక మందం 35 నుంచి 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 19 మిల్లీమీటర్లవి రెండు తీసుకుని, మధ్యలో ఎపాక్సీ పూసి, సమంగా నొక్కి ఉంచితే 38 మిల్లీమీటర్ల పలక తయారవుతుంది. ఒక్క ముద్ద చెక్క కంటే ఇది మేలు: ఎండకు చీలదు, పొరలు అడ్డదిడ్డంగా ఉండడం వల్ల రెండు వైపులా సమంగా బలం. ఇంట్లో అలమరలకు వాడే ప్లైవుడ్ ఎంత మందమైనా దీనికి పనికిరాదు. దాని జిగురు నీటికి విడిపోతుంది. ప్లైవుడ్ అంచుల్లో పొరల కొసలు తెరిచి ఉంటాయి. నీరు దిగేది అక్కడే. అంచులకు రెండు మూడు మార్లు ఎపాక్సీ పట్టించాకే పైన ఫైబర్ వేయాలి.

ఫైబర్ పడవల పలకలకు లోపల ప్లైవుడ్ గుండె ఉంటుంది, బయట ఫైబర్ తొక్క. తొక్క మెరుస్తూనే ఉంటుంది, గుండె లోపల కుళ్లుతుంది. దాన్ని తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. చిన్న సుత్తి పిడితో పలకను అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట చప్పుడు కంగుమంటుంది. కుళ్లిన చోట దబ్బుమని అణగిపోతుంది. ఆ తర్వాత మోటార్‌ను తగిలించి, సగం పైకెత్తి, దాని కాలును చేత్తో పట్టుకుని కిందికీ పైకీ నొక్కుతూ పలక పై అంచును చూడాలి. అంచు కళ్లకు కనబడేలా కదిలితే ఆ పడవ ఆ మోటార్‌తో నీళ్లలోకి పోకూడదు. పలకలో పడ్డ పాత మరల రంధ్రం నుంచి గోధుమరంగు నీరు కారుతుంటే లోపల కుళ్లు మొదలైనట్టే.

బిగింపు మరలు నేరుగా చెక్కలో దిగకూడదు. లోపలి వైపు మరలు ఆనే చోట అల్యూమినియం రేకో గట్టి చెక్క బద్దో, బయట బ్రాకెట్ ఆనే చోట మరొకటో ఉండాలి. మోటార్ నడిమధ్య గీత మీదే కూర్చోవాలి. రెండంగుళాల తేడా కూడా హ్యాండిల్ మీద చేతికి తెలుస్తుంది. మరలను చేతి బలంతో బిగించాలి, పైపు తొడిగి కాదు. ఇరవై నిమిషాలు నడిచాక మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త చెక్క నొక్కుకుని మరలు వదులవుతాయి. ఆ తర్వాత ప్రతి వేటకు ముందూ చెయ్యి వేసి చూడడం అలవాటు కావాలి. మరలతో పాటు మోటార్‌కున్న కన్నం నుంచి పలకలోని వేరే కొక్కేనికి గొలుసో, బొటనవేలంత తాడో కట్టాలి. మరలు జారిపోయిన రోజున మోటార్‌ను మిగిల్చేది ఆ తాడే.

పెద్ద మోటార్లకు మరలు చాలవు. పలకను దాటి పోయే బోల్టులు కావాలి. 12 మిల్లీమీటర్ల మందం, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, లోపలి వైపు వెడల్పాటి వాషర్లు. రంధ్రం పెట్టడంలోనే పలక ఆయుష్షు ఉంది. కావలసినదానికంటే పెద్ద రంధ్రం తొలిచి, దాన్ని ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలో బోల్టు రంధ్రం తొలవాలి. అప్పుడు నీరు జారినా చెక్కను తాకదు. బోల్టు చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ పట్టించాలి. కింది బోల్టులు నీటిమట్టానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటి దగ్గర మరింత శ్రద్ధ అవసరం.

మోటార్ పెట్టాక పడవ తూకం మారిపోతుంది. పది హార్స్‌పవర్ ప్రాంతంలో 2-స్ట్రోక్ మోటార్లు 27 నుంచి 40 కిలోల దాకా, 4-స్ట్రోక్ మోటార్లు 40 కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. ఆరు మీటర్ల పడవలో 40 కిలోల మోటార్ నడిమధ్య నుంచి మూడు మీటర్ల దూరాన ఉంటే దాని మీట, అంటే బరువును దూరంతో గుణిస్తే వచ్చేది, 120. దాని ముందు, నడిమధ్య నుంచి రెండు మీటర్ల దూరాన కూర్చున్న 65 కిలోల మనిషిది 130. 20 కిలోల ట్యాంక్ కూడా అక్కడే ఉంటే మరో 40. అంతా వెనుకే. అదే ట్యాంక్‌ను పొడవాటి గొట్టంతో నడిమధ్యకు తెస్తే దాని మీట పోతుంది; లంగరు, మంచుపెట్టె ముందుకు జరిపితే మిగతాదీ సర్దుకుంటుంది. హ్యాండిల్‌కు గట్టి పొడుగు కర్ర తగిలించి నడిపే మనిషిని ముందుకు జరపడం మరో మార్గం. మనుషులు, వల ఎక్కాక అమరం పలక నీటిపై ఎంత మిగిలిందో కొలిచి చూడాలి, ఖాళీ పడవను చూసి సంతోషపడి లాభం లేదు.

పడవ నిండిపోతే తేలాలి. చెక్క దానంతట అదే తేలుతుంది, ఫైబర్ తేలదు. ఫైబర్ నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. 400 కిలోల ఫైబర్ ఒళ్లు నీటిలో మునిగాక సుమారు 133 కిలోలుగా తూగుతుంది. 40 కిలోల మోటార్ మరో 30. ఈ 163 కిలోలను ఎత్తిపట్టడానికే 160 లీటర్లకు పైగా ఫోమ్ కావాలి. మనుషులు పట్టుకుని వేలాడే బరువుకు ఇంకా కావాలి. ఆ ఫోమ్ అంతా అడుగున పెడితే పడవ తలకిందులవుతుంది. పక్కల్లో పైఅంచులకు దగ్గరగా, మోటార్ బరువున్న అమరం వైపు కొంత ఎక్కువగా పెడితే నిండిన పడవ కూడా నిటారుగా తేలుతుంది.

ఇవన్నీ అయ్యాక నీటి పరీక్ష. ఒడ్డున చెరువులోనో కాలువలోనో, మామూలు వేట బరువుతో చేయాలి. మోటార్ మొదలవగానే వెనుక చిన్న రంధ్రం నుంచి సన్నని నీటిధార పడాలి. ఇంజన్‌ను చల్లబరిచే పంపు పనిచేస్తోందనడానికి గుర్తు అదే. ధార లేకపోతే వెంటనే ఆపాలి. నీరు లేకుండా మోటార్ నడిపితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ నిమిషాల్లో పాడవుతుంది. తర్వాత పూర్తి యాక్సిలరేటర్‌తో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎమ్ అందుకుందో చూడాలి. చాలా మోటార్లకు హద్దు నిమిషానికి 5,000 నుంచి 6,000 మధ్య. కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది. అంతకు అందకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు పోవలసిన దూరం) ఎక్కువైంది, ఇంజన్ మీద భారం పడుతోంది. దాటిపోతే పిచ్ తక్కువైంది. పిచ్ అంగుళం మారిస్తే ఆర్‌పీఎమ్ సుమారు 150 నుంచి 200 వరకు మారుతుంది. మోటార్‌తో వచ్చే ప్రొపెల్లర్ తేలికపాటి వేగపు పడవకు సరిపోయేదై ఉండవచ్చు. వల మోసే పడవకు పిచ్ తక్కువ, వ్యాసం ఎక్కువ ఉన్నది కావాలి. దీన్ని పట్టించుకోకపోతే పెద్ద మోటార్ కొన్నా తోపు రాదు, ఇంధనం ఖర్చు మాత్రం వస్తుంది.

నడిపే మనిషి మణికట్టుకు కట్టుకునే ఎర్ర తాడు మోటార్‌లో అతి చవకైన భాగం, అతి ముఖ్యమైనదీ. మనిషి నీళ్లలో పడితే తాడు పిన్నును లాగి ఇంజన్‌ను ఆపుతుంది. అది లేకపోతే వదిలేసిన హ్యాండిల్ ప్రొపెల్లర్ తిప్పుడుకు ఒక వైపుకి తిరిగిపోతుంది. పడవ గుండ్రంగా తిరుగుతూ పడ్డ మనిషి మీదికే వస్తుంది. ఈ తాడును మోటార్‌కే చుట్టి వదిలేస్తే ఉన్నా లేనట్టే.

2-స్ట్రోక్ మోటార్లకు పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. చాలా మోటార్లకు 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. పాత మోటార్లకు ఇంకా చిక్కగా కావాలి. మాన్యువల్ చెప్పిందే పాటించాలి. ట్యాంక్ కదలకుండా కట్టాలి. గాలి మూత పడవ నడిచేటప్పుడు తెరిచి, మోసేటప్పుడు మూసి ఉంచాలి. ఇంధన గొట్టం మధ్యలోని రబ్బరు బల్బు మీద బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వేట నిషేధంలో రెండు నెలలు ట్యాంక్‌లో మగ్గిన పెట్రోల్ అడుగున నీరు చేరి మోటార్‌ను మొరాయింపజేస్తుంది. విరామానికి ముందు ట్యాంక్‌నూ కార్బురేటర్‌నూ ఖాళీ చేయడం మేలు.

ఉప్పుకూ ఇసుకకూ మోటార్ మీద పగ ఉంది. వేట నుంచి తిరిగొచ్చాక మంచినీళ్లతో శీతల మార్గాన్ని కడగాలి. ఇసుక తీరంలో పడవను దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు మోటార్ ఎత్తి ఉంచాలి. ఇసుక నీరు పీల్చిన ఇంపెల్లర్ ఏడాది కూడా బతకదు. మోటార్ కాలు అల్యూమినియంది కాబట్టి రాగి కలిసిన అడుగు రంగు దానికి తగలకూడదు. కాలుకు బిగించిన జింక్ ముక్క తానే కరిగిపోయి మిగతా లోహాన్ని కాపాడుతుంది. సగం కరిగాక మార్చాలి, దాని మీద రంగు వేయకూడదు.

ఈ పనులేవీ ఖర్చు ఎక్కువయ్యేవి కావు. మోకాళ్లకు, ప్లైవుడ్‌కు, బోల్టులకు అయ్యే మొత్తం మోటార్ ధరలో చిన్న భాగం. లోటున్నది పరిజ్ఞానంలోనూ కాదు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో ఓడలు కట్టిన చరిత్ర ఉంది. తీరం పొడవునా పడవ కట్టే చేతులు నేటికీ ఉన్నాయి. చిన్న పడవల తీరు మెరుగుపరచడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తీరం మీద దిగే పడవల నమూనాలు, చిన్న పడవల భద్రతా మార్గదర్శకాలు ఆ దారిలో వచ్చాయి. లోటల్లా ఆ పరిజ్ఞానం తెలుగులో, మేస్త్రీ చేతికి అందే రూపంలో లేకపోవడం, పడవా మోటారూ కలిసే చోటును ఎవరో ఒకరు చూడాలన్న నియమం లేకపోవడం.

కాబట్టి శాఖకు విజ్ఞప్తులు ఇవి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, 1994 కింద పడవకు లైసెన్సు ఇచ్చేటప్పుడూ, మోటార్‌కు రాయితీ ఇచ్చేటప్పుడూ అమరం పలక మందం, ఎత్తు, వాలు, మోకాళ్లు, మోటార్ షాఫ్ట్ పొడవు, ఫోమ్ పరిమాణం నమోదు చేయించాలి. తీరంలో వాడుకలో ఉన్న పడవ రకాలకు, పొడవు వెడల్పులను బట్టి, ఎంత హార్స్‌పవర్ దాకా తగునో తెలుగులో ఒక పట్టిక అచ్చువేసి ప్రతి చేపల రేవులోనూ గోడమీద పెట్టించాలి. ప్రతి పడవ లోపలా దాని హద్దు హార్స్‌పవర్, మోయగల బరువు చెక్కిన రేకు ఒకటి బిగించే పద్ధతి తేవాలి. రాయితీ మోటార్‌తో పాటు ఇంజన్ ఆపే తాడు, మోటార్ భద్రత గొలుసు, పడవకు తగిన ప్రొపెల్లర్ కూడా ఇవ్వాలి. ఫైబర్ మేస్త్రీలకు, వడ్రంగులకు పలక కట్టడంలో రెండు రోజుల శిక్షణ పెట్టి, నేర్చినవారికి గుర్తింపు పత్రం ఇవ్వాలి.

వీటికి వేరే సమయం వెతకనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో మోటార్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మోటార్లు విప్పి ఉంటాయి, పలకలు ఎండలో ఆరి ఉంటాయి. మత్స్యశాఖ సిబ్బంది ఒక సుత్తి, ఒక కొలత టేపు పట్టుకుని రేవు రేవుకూ వెళ్లి పలకలు తట్టి చూడడానికి అంతకంటే మంచి కాలం లేదు. వచ్చే నిషేధ కాలం నుంచే ఈ తనిఖీ మొదలుపెట్టాలని విజ్ఞప్తి.